ధాన్యకటకం, కాలచక్రం, శంభల: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గుంటూరు. ఇంటికి చుట్టాలొస్తే అమరావతి తీసుకెళ్ళడం మాకు ఆనవాయితీ. అమరేశ్వరుడి దర్శనం, కృష్ణలో కాళ్ళు తడుపుకోవడం, పెద్ద బుద్ధుడి ముందు ఫోటోలు అన్నీ అయ్యాక ఎవరో ఒకరు అడుగుతారు, "ఆ ఎర్రబట్టల సన్యాసులు ఇక్కడికెందుకొస్తారు?" అని. జవాబు మొదలుపెడితే కారు గుంటూరు చేరినా పూర్తవదు. అందుకే ఇన్నేళ్ళుగా నన్ను అడిగినవన్నీ ఒకచోట రాసిపెట్టాను. కొన్నిటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోయింది, కొన్నిటికి కాలేదు.

టిబెట్ వాళ్ళకి అమరావతితో ఏం పని?

వాళ్ళ సంప్రదాయంలో బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించింది ఇక్కడే. కథ ఇలా సాగుతుంది. శంభల రాజ్యాన్ని ఏలే సుచంద్రుడు బుద్ధుడి దగ్గరకొచ్చి, రాజ్యాన్నీ సంసారాన్నీ వదలకుండానే తరించే దారి చెప్పమని అడిగాడు. చైత్ర పౌర్ణమి నాడు బుద్ధుడు ధాన్యకటక మహాచైత్యంలో, అంటే ఇక్కడి పెద్ద స్తూపంలో, కాలచక్ర మండలాన్ని చూపించి అతనికి దీక్ష ఇచ్చాడు. విచిత్రమేమిటంటే, సరిగ్గా అదే సమయానికి ఆయన రాజగృహం దగ్గర గృధ్రకూటం అనే కొండ మీద ప్రజ్ఞాపారమిత అనే మహాయాన బోధ కూడా చేస్తున్నాడట. సుచంద్రుడు తన రాజ్యానికి తిరిగి వెళ్ళి, విన్నదంతా 12,000 శ్లోకాల మూల తంత్రంగా రాశాడని చెబుతారు. ఆ మూలం ఇప్పుడు లేదు. మిగిలినవి రెండు: దాని సంగ్రహం, ఆ సంగ్రహం మీద 'విమలప్రభ' అనే పెద్ద వ్యాఖ్య.

ఈ జ్ఞాపకం వాళ్ళ పుస్తకాల్లో మాత్రమే లేదు. లాసా పక్కన 1416లో జమ్యాంగ్ ఛోజే అనే ఆచార్యుడు కట్టించిన డ్రెపుంగ్ మఠం ఒకప్పుడు ప్రపంచంలోని అతి పెద్ద మఠాల్లో ఒకటి. టిబెటన్ భాషలో 'డ్రె' అంటే బియ్యం, 'పుంగ్' అంటే కుప్ప. అంటే ధాన్యపు రాశి, మన ధాన్యకటకం. హిమాలయాల అవతల వేలమంది సన్యాసులు ఉండే మఠానికి కృష్ణ ఒడ్డున ఉన్న ఊరి పేరు పెట్టుకున్నారు. టిబెట్ వదిలి మన దేశానికి వలస వచ్చాక ఆ మఠాన్ని కర్ణాటకలో ముండ్‌గోడ్ దగ్గర మళ్ళీ కట్టుకున్నారు, పేరు మాత్రం మార్చలేదు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కొంచెం సిగ్గేసింది. మా ఊళ్ళో ధాన్యకటకం అంటే ఎగ్జామ్‌లో ఒక మార్కు బిట్టు.

ధాన్యకటకం అంటే అమరావతేనా?

అవును. అమరావతి, దాన్ని ఆనుకుని ఉన్న ధరణికోట కలిపితే పాత ధాన్యకటకం. అమరావతి అనే పేరు తర్వాతి కాలంలో అమరేశ్వరుడి మీదుగా వచ్చింది. ఇక్కడొక హెచ్చరిక. 2015లో శంకుస్థాపన జరిగిన రాజధాని వేరే చోట, తుళ్ళూరు వైపు ఉంది. స్తూపం ఉన్న ఊరు ఇప్పుడు పల్నాడు జిల్లాలోకి వస్తుంది. ఫోన్‌లో 'అమరావతి' అని కొట్టి వెలగపూడి సచివాలయం ముందు దిగినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు.

బుద్ధుడు నిజంగా ఇక్కడికి వచ్చాడా?

చరిత్ర ప్రకారం అయితే ఆధారం లేదు. స్తూపం దగ్గర దొరికిన బౌద్ధ ఆధారాల్లో అతి పాతవి మౌర్యుల కాలానికి చెందినవి, అంటే బుద్ధుడి తర్వాతివి. కాలచక్ర గ్రంథం ఇంకా చాలా ఆలస్యంగా, 11వ శతాబ్దపు తొలి దశకాల్లో రూపు దిద్దుకుందని పండితుల మాట. అందులో మక్కా ప్రస్తావన ఉంది, ఇస్లాం గురించిన వివరాలున్నాయి. క్రీస్తుపూర్వపు గ్రంథంలో అవి ఎలా వస్తాయి? భక్తుల దగ్గర దానికీ జవాబుంది, బుద్ధుడు భవిష్యత్తు చెప్పాడని. ఆ వాదనలోకి నేను దిగను.

నాకు ఆసక్తి కలిగించేది వేరే ప్రశ్న. 11వ శతాబ్దంలో ఈ గ్రంథం కూర్చినవాళ్ళు, ఇంత పెద్ద దేశంలో బోధ గయనో సారనాథ్‌నో వదిలేసి ధాన్యకటకాన్నే ఎందుకు ఎంచుకున్నారు?

దీనికి కారణాలు వెతికితే దొరుకుతాయి. మొదటిది, శాతవాహనుల నాటికే ఇది దేశంలోని గొప్ప స్తూపాల్లో ఒకటి. రెండోది, మహాసాంఘికులనే పాత బౌద్ధ వర్గం శాఖల్లో పూర్వశైల, అపరశైల, రాజగిరిక, సిద్ధార్థిక అనే నాలుగింటినీ పాళీ వ్యాఖ్యల్లో కలిపి 'అంధకులు' అన్నారు. అంటే ఆంధ్ర దేశం వాళ్ళని. బుద్ధుడు మామూలు మనిషి కాదు, లోకాతీతుడు అనే ఆలోచన మహాసాంఘిక వర్గాల్లో బలంగా పెరిగింది. ఒకేసారి రెండు చోట్ల బోధించే బుద్ధుణ్ణి ఊహించడానికి ఇది అనువైన నేల. మూడోది, మంత్రసిద్ధికి ఈ చోటుకి పాత పేరుంది. 'మంజుశ్రీమూలకల్పం' అనే తంత్ర గ్రంథం శ్రీపర్వతాన్నీ ధాన్యకటక చైత్యాన్నీ పేరు పెట్టి చెప్పి, ఇక్కడ మంత్రాలు త్వరగా సిద్ధిస్తాయంటుంది.

నాలుగోది కథ. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. 7వ శతాబ్దంలో ఇక్కడికొచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాసిపెట్టాడు. అప్పటికే చాలా విహారాలు పాడుబడి ఇరవై దాకా మాత్రమే నడుస్తున్నాయట. ఆ ఊరి కొండ గురించి జనం చెప్పుకునే ముచ్చట ఒకటి విన్నాడు. భావవివేకుడనే మహా తార్కికుడికి కొన్ని సందేహాలు మిగిలిపోయాయి. మైత్రేయ బుద్ధుడు వచ్చాక తప్ప అవి తీరవు. అందాకా బతికుండాలి కదా! అవలోకితేశ్వరుడి ముందు తపస్సు చేస్తే, ధాన్యకటకం వెళ్ళి వజ్రపాణి ధారణి (అంటే మంత్రం) జపించమని ఆదేశం వచ్చింది. మూడేళ్ళు జపించాక, మంత్రించిన ఆవాలు కొండకేసి కొడితే రాయి తెరుచుకుంది. లోపల అసురుల కోట. భావవివేకుడు గుమ్మంలో నిలబడి చుట్టూ చేరిన జనాన్ని రమ్మని పిలిచాడు. లోపల పాములుంటాయని అందరూ జంకారు. వెంట వెళ్ళింది ఆరుగురే. కొండ మళ్ళీ మూసుకుంది. ఆయన ఇంకా లోపలే మైత్రేయుడి కోసం చూస్తున్నాడు.

ఆ కొండ ఏదో ఇప్పుడు ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. అయితే ఆవాలు మాత్రం మనవే. దిష్టి తీయడానికి ఈ రోజుకీ అవే వాడతాం.

కాలచక్రం అంటే ఏమిటి? ఒక్క ముక్కలో చెప్పండి.

ఆకాశంలో తిరిగే కాలం, ఒంట్లో తిరిగే ఊపిరి రెండూ ఒకే లెక్క మీద నడుస్తాయనీ, ఆ లెక్క పట్టుకుంటే రెంటినుంచీ బయటపడొచ్చనీ చెప్పే బౌద్ధ తంత్రం.

ఆ లెక్క ఏమిటో ఇంకాస్త వివరంగా?

గ్రంథంలో ఐదు పటలాలున్నాయి. లోకధాతువు, అధ్యాత్మం, అభిషేకం, సాధన, జ్ఞానం. వీటిని మూడుగా కలిపి చెబుతారు. బాహ్య కాలచక్రం సూర్యచంద్రులు, గ్రహాలు, పంచాంగం గురించి. అంతర కాలచక్రం నాడులు, వాయువులు, బిందువుల గురించి. మూడోది సాధన, ఈ రెంటినీ శుద్ధి చేసే పని.

రెంటినీ కలిపే సంఖ్య 21,600. రోజుకి మనిషి తీసే శ్వాసలు అన్ని. నిమిషానికి పదిహేను చొప్పున లెక్కేస్తే సరిగ్గా అంతే వస్తుంది. మన పెద్దవాళ్ళకి ఈ సంఖ్య కొత్త కాదు. హంస మంత్రం, అజపా జపం అంటూ చెప్పేది ఇదే. గణపతికి 600, బ్రహ్మ విష్ణు రుద్రులకి ఆరేసి వేలు, జీవాత్మ, పరమాత్మ, గురువులకి వెయ్యేసి అని పంచేవాళ్ళు. కాలచక్రంలో పంపకం వేరు. పన్నెండు లగ్నాలకి తలా 1,800 శ్వాసలు. మొత్తంలో ముప్పై రెండో వంతు, అంటే 675 శ్వాసలు మాత్రం నడిమి నాడిలో నడుస్తాయి. వాటిని జ్ఞాన వాయువులంటారు. మనం ఇడ, పింగళ, సుషుమ్న అనేవాటిని వాళ్ళు లలన, రసన, అవధూతి అంటారు. పక్కనాడుల గాలిని నడిమి నాడిలోకి మళ్ళించడమే సాధనలో అసలు పని.

యోగం కూడా ఉంది, కానీ మెట్లు ఆరు. ప్రత్యాహారం, ధ్యానం, ప్రాణాయామం, ధారణ, అనుస్మృతి, సమాధి. పతంజలి ఎనిమిదింటిని నేర్చుకున్నవాళ్ళకి ఇక్కడ వరస తారుమారుగా కనిపిస్తుంది. ప్రత్యాహారంతో మొదలవుతుంది, ప్రాణాయామం ధ్యానం తర్వాత వస్తుంది. పేర్లు ఒకటే కదా అని అర్థాలూ ఒకటే అనుకుంటే బోల్తా పడతాం. టిబెట్‌లో ఈ ఆరంగాల యోగాన్ని ప్రాణంగా కాపాడుకున్నది జోనాంగ్ శాఖ. డోల్పోపా (1292–1361), తారానాథుడు (1575–1634) ఆ శాఖవాళ్ళే.

ఇది మన శ్రీచక్రం లాంటిదేనా?

మండలం గీసి, దేవతల్ని ఆవాహన చేసి, మధ్య బిందువుకి చేరే పద్ధతి వరకు పోలిక ఉంది. అంతకు మించి లాగకండి. వీళ్ళ తత్వంలో చివరికి మిగిలేది శూన్యత, పరాశక్తి కాదు.

టిబెటన్ పంచాంగానికీ మన పంచాంగానికీ సంబంధం ఉందంటారు, నిజమా?

నిజమే. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది ఇదే, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

టిబెట్‌లో అరవై ఏళ్ళకి ఒక చక్రం. ఆ చక్రాన్ని 'రబ్‌జుంగ్' అంటారు. ఆ మాట సంస్కృత 'ప్రభవ'కి అనువాదం. రెండో ఏడు విభవ, మూడోది శుక్ల, నాలుగోది ప్రమోదూత. వరసగా వీటికి టిబెటన్ పేర్లున్నాయి. అంటే ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో మనం వినే సంవత్సరాల పేర్లే కాలచక్ర గ్రంథంతో పాటు హిమాలయాలు దాటి వెళ్ళాయి. కాలచక్రం టిబెట్ చేరిందని చెప్పే 1027వ సంవత్సరం నుంచి వాళ్ళు మొదటి చక్రాన్ని లెక్కపెడతారు.

ఇప్పుడు కాగితం మీద కూడిక వేయండి. 1027కి పదహారు అరవైలు కలిపితే 1987. టిబెట్ పదిహేడో రబ్‌జుంగ్ 1987లో మొదలైంది. మన ప్రభవ? అదీ 1987 ఉగాదికే. ఉత్తరాదిలో బార్హస్పత్య మానం, అంటే గురుగ్రహం నడకని బట్టి కట్టే ఏడు, వేరే లెక్క మీద నడవడం వల్ల అక్కడి పేర్లు మనకన్నా ముందుంటాయి. దక్షిణాది లెక్క, టిబెట్ లెక్క మాత్రం ఒకే ఏడు మీద కూర్చున్నాయి. మన 2025 విశ్వావసు ముప్పై తొమ్మిదోది, వాళ్ళ 2025 దారు సర్పం కూడా ముప్పై తొమ్మిదోదే. మామూలుగా వాళ్ళు ఏడుని ఇలా ఒక ధాతువు, ఒక జంతువు కలిపి పిలుస్తారు. అది చైనా అలవాటు. భారతీయ లెక్క దాని కిందే నడుస్తుంటుంది.

వాళ్ళ జ్యోతిషంలో రాహువున్నాడు, కాలాగ్ని పేరుతో కేతువున్నాడు. నెలలు, కొత్త సంవత్సరం రోజు మాత్రం మనతో కలవవు. వాళ్ళ లోసార్ మన ఉగాది కాదు.

కాలచక్ర దీక్షలో ఏం జరుగుతుంది? భయంకరమైన తాంత్రిక పూజలా?

'తాంత్రికం' అనగానే మనకి నిమ్మకాయలు, పుర్రెలు గుర్తొస్తాయి. సినిమాల పుణ్యం. బహిరంగంగా ఇచ్చే కాలచక్ర దీక్షలో మొదటి ఏడు అభిషేకాలు పసిబిడ్డని పెంచడంలోని ఘట్టాల వరసలో ఉంటాయి. ఒకటి, నీటి అభిషేకం, పుట్టిన బిడ్డకి స్నానం. రెండు, కిరీటం, జుట్టు ముడివేయడం. మూడు, పట్టు పట్టీ, చెవులు కుట్టడం. నాలుగు, వజ్రం, ఘంట, బిడ్డ నవ్వడం, మాటలు పలకడం. ఐదు, వ్రతం, ఇంద్రియాలతో లోకాన్ని రుచి చూడటం. ఆరు, నామకరణం. ఏడు, అనుజ్ఞ, చదువు మొదలుపెట్టడం. బారసాల, చెవులు కుట్టే వేడుక, అక్షరాభ్యాసం చేయించిన ఏ తెలుగు అమ్మమ్మకైనా దీన్ని అరగంటలో అర్థమయ్యేలా చెప్పొచ్చు. మా అమ్మమ్మకి చెప్పి చూశాను. "అన్నప్రాసన ఏదిరా?" అని అడిగింది. ఆ జాబితాలో అది లేదు.

ముందురోజు ఏర్పాట్లు ఇంకా మన ఇంటి వాసన వేస్తాయి. ఎర్ర దారం కట్టుకుంటారు. రెండు దర్భలు ఇస్తారు, పొడుగుది పరుపు కింద, పొట్టిది తలగడ కింద పెట్టుకుని పడుకోవాలి. తెల్లవారుజామున వచ్చే కలని గమనించాలి. పళ్ళు తోముకునే పుల్లలాంటిదాన్ని పలక మీద వదిలి, అది ఏ దిక్కుకి తల తిప్పి పడిందో చూస్తారు. ఏ రకం సిద్ధి దక్కుతుందో దాన్నిబట్టి చెబుతారు. తర్వాత కళ్ళకి ఎర్ర గుడ్డ కట్టుకుని మండలంలోకి 'ప్రవేశిస్తారు', పువ్వు వేస్తారు, గుడ్డ విప్పుతారు.

పై అభిషేకాలు వేరే ఉన్నాయి, అవి ఇంత బహిరంగం కావు. వాటి గురించి ఇక్కడ రాయడం లేదు.

ఇసుక మండలం ఎందుకు గీస్తారు, ఎందుకు చెరిపేస్తారు?

సన్నని లోహపు గొట్టాలకి గరుకుగా పళ్ళుంటాయి. ఇంకో కడ్డీతో వాటి మీద రుద్దితే రంగు ఇసుక గింజగింజగా రాలుతుంది. అలా రోజుల తరబడి వంగి కూర్చుని ఒక భవనం నక్షా తయారుచేస్తారు. పైనుంచి చూస్తే బొమ్మ, లోపల మాత్రం అంతస్తుల మేడ. అందులో 722 మంది దేవతలుంటారు. మధ్యలో నీలి రంగు కాలచక్రుడు, నాలుగు ముఖాలు, ఇరవై నాలుగు చేతులు. ఆయన్ని కౌగిలించుకుని పసుపు రంగు విశ్వమాత. పని అయ్యాక ఇసుకనంతా మధ్యకి ఊడ్చి, పారే నీళ్ళలో కలుపుతారు. వాకిట్లో ముగ్గు పొద్దున వేసి సాయంత్రానికి తొక్కేసే మనకి ఇందులో అంత వింతేమీ ఉండకూడదు.

ఆ కౌగిలి బొమ్మలు చూసి ఇంట్లోవాళ్ళు ఇబ్బంది పడ్డారు.

అది ఉపాయం (అంటే కరుణ), ప్రజ్ఞ అనే రెంటి కలయికకి గుర్తు. పిల్లలకి అర్ధనారీశ్వరుణ్ణి ఎలా చెబుతారో అలాగే చెప్పండి.

రహస్య తంత్రం అంటారు, మళ్ళీ స్టేడియాల్లో వేలమందికి ఇస్తారు. ఇదేం రహస్యం?

న్యాయమైన ప్రశ్న. దలైలామా 1954లో లాసాలో మొదటిసారి ఇచ్చారు. అప్పటికే కాలచక్ర దీక్షని పెద్ద సభలో ఇచ్చే ఆనవాయితీ టిబెట్‌లో ఉంది. పడమటి దేశాల్లో మొదటిది 1981లో అమెరికాలోని మ్యాడిసన్ దగ్గర. ఆ తర్వాత 1985లో స్విట్జర్లాండ్, 1991లో న్యూయార్క్, 1995లో ఉలాన్‌బాతర్, 2002లో ఆస్ట్రియా, 2004లో టొరంటో. ముప్పయ్యోది 2006 జనవరిలో మన అమరావతిలో. అప్పుడు ఊరంతా గుడారాలే. ముప్పై నాలుగోది 2017లో బోధ గయలో.

ఇందులో రహస్యం సమాచారానికి సంబంధించినది కాదు. సంస్కృత పాఠం అచ్చయి దశాబ్దాలైంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. వంట పుస్తకం చదివితే కడుపు నిండనట్టే, గురువు పక్కన ఉండి చేయించేదాకా ఆ మాటలు పనిచేయవని వాళ్ళ నమ్మకం. సభలో కూర్చున్నవాళ్ళలో చాలామంది దీవెన కోసం వచ్చినవాళ్ళే. చూడటానికి మాత్రమే కూర్చోవచ్చని వాళ్ళే చెబుతారు. నిజంగా దీక్ష తీసుకుంటే రోజూ చేయాల్సిన నియమాలుంటాయి. ఆ మాట చెప్పకుండా డబ్బు కట్టించుకుని 'ఆన్‌లైన్ కాలచక్ర దీక్ష' ఇస్తామనేవాళ్ళు తగిలితే దండం పెట్టి తప్పుకోండి.

శంభల ఎక్కడుంది? కల్కి పుట్టే ఊరేనా?

పేరు అదే. భాగవతం పన్నెండో స్కంధంలో, శంభల గ్రామంలో విష్ణుయశుడి ఇంట్లో కల్కి పుడతాడని ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని సంభల్ ఊరే అదని కొందరంటారు.

కాలచక్రం ఈ పేరు తీసుకుని కథ మార్చేసింది. ఇక్కడ శంభల ఊరు కాదు, సీతా నదికి ఉత్తరాన మంచు కొండల మధ్య తామరపువ్వు ఆకారంలో ఉన్న రాజ్యం. రాజధాని కలాప. కల్కి అనేది ఒక మనిషి పేరు కాదు, వంశంలో ఇరవై ఐదుగురు రాజుల బిరుదు. మొదటి కల్కి మంజుశ్రీ యశుడు. ఆయన కథ ప్రత్యేకంగా చెప్పాలి. రాజ్యంలోని మూడున్నర కోట్ల మంది బ్రాహ్మణ ఋషుల్ని పిలిచి, అందరూ ఒకే మండలంలోకి వచ్చి ఒకే వజ్ర కులం కావాలన్నాడు. సూర్యరథుడి నాయకత్వంలో వాళ్ళు ఒప్పుకోక రాజ్యం వదిలి బయల్దేరారు. రాజు తన శక్తితో వాళ్ళని మైమరపించి వెనక్కి రప్పించాడు, చివరికి అందరూ దీక్ష తీసుకున్నారు. కులాలు కలిపినందుకే ఆ రాజుకి కల్కి బిరుదు వచ్చిందని వాళ్ళ వివరణ. మన పురాణంలో కల్కి వర్ణాశ్రమ ధర్మాన్ని నిలబెట్టడానికి వస్తాడు. వీళ్ళ కల్కి అదే పేరు పెట్టుకుని కులాల్ని కలిపేశాడు. పేరు అరువు తెచ్చుకుని వాదన తిప్పేయడమంటే ఇదే.

2424లో మహాయుద్ధం అట కదా?

చివరి కల్కి రౌద్రచక్రి కాలంలో, సుమారు 2424 ప్రాంతంలో, మ్లేచ్ఛులతో యుద్ధం జరుగుతుందని లెక్కలున్నాయి. గ్రంథం పుట్టిన రోజుల్లో గజనీ మహమ్మద్ దండయాత్రలు వాయవ్య భారతాన్ని ఊపేస్తున్నాయి, విహారాలు భయంలో ఉన్నాయి. ఆ భయం కథలో కనిపిస్తుంది. అదే గ్రంథం ఆ యుద్ధానికి లోపలి అర్థం కూడా చెబుతుంది. గుర్రాలు, సైన్యాలు అన్నీ శరీరంలోని వాయువులు, మనసులోని అజ్ఞానం. ఇవాళ ఏదో మతం మీద కోపంతో ఈ కథని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళు ఆ రెండో సగం ఎప్పుడూ పంపరు.

శంభలకి దారి ఎవరైనా కనుక్కున్నారా?

దారి చెప్పే పుస్తకాలకి మాత్రం కొదవ లేదు. టిబెట్‌లో దలైలామా తర్వాతి స్థాయి గురువైన మూడో పంచెన్ లామా 1775లో ఒకటి రాశారు. పేర్లున్న ఊళ్ళతో మొదలై, మెల్లగా రాక్షసులు, మంత్రాలు, ఎగిరి దాటాల్సిన నదులతో ముగుస్తుంది. పుణ్యం ఉన్నవాడికే కనిపిస్తుందంటారు. ఐరోపా వాళ్ళలో పోర్చుగల్ జెసూట్ ఫాదరీ కసెల్లా 1627లో భూటాన్‌లో ఈ పేరు విని, చైనాకి దారేమో అనుకున్నాడు. హంగేరీ పండితుడు చోమా 1833లో కాలచక్రం మీద ఒక వ్యాసం రాశాడు. తర్వాత దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు ఈ పేరుని ఎత్తుకున్నారు. రష్యా చిత్రకారుడు రోరిక్ 1920ల్లో మధ్య ఆసియా అంతా తిరిగాడు. బుర్యాత్ లామా దోర్జియెవ్ రష్యానే శంభలగా చూపించి, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గుడి కట్టించాడు. 1915లో పూర్తయిన ఆ గుడి ఇప్పటికీ ఉంది. 1933 నాటి ఒక ఇంగ్లిష్ నవల షాంగ్రిలా అనే పేరు పుట్టించింది. 2001లో చైనా తన యునాన్‌లోని జోంగ్‌దియెన్ కౌంటీకి అధికారికంగా ఆ పేరే పెట్టింది, టూరిస్టుల కోసం.

స్తూపానికి ఏమైంది? ఇప్పుడు అక్కడ చూడటానికి ఏమీ లేదంటారు.

ఉన్నది తక్కువే. ఊరివాళ్ళు దీపాలదిన్నె అనే మట్టిగుట్టగా మిగిలిన రోజుల్లో, 18వ శతాబ్దం చివర్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ కొత్త పట్నం కట్టిస్తూ రాళ్ళకోసం తవ్వించాడు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ అప్పుడొకసారి వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో బొమ్మలు గీసే మనుషులతో వచ్చేసరికి గుట్ట నడుమ చెరువు తవ్వి ఉంది. చెక్కిన సున్నపురాతి పలకలు కొన్ని మెట్లయ్యాయి, కొన్ని సున్నమయ్యాయి. కొన్ని మచిలీపట్నం చేరి అక్కడి కొత్త బజారుకి అలంకారమయ్యాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు వెళ్ళి, అక్కడ ఎండకీ వానకీ పడి ఉండి, కొన్ని లండన్ ఓడెక్కాయి. ఇవాళ మంచి శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోనూ ఉన్నాయి. లండన్‌లో ఉండే తెలుగువాళ్ళు వాటిని ఊరికే చూసి రావచ్చు, టికెట్ లేదు.

చిత్రమేమిటంటే, మనం మరిచిపోయిన కాలంలో కూడా బయటివాళ్ళు రావడం ఆగలేదు. సింహళంలోని గడలాదెణియ శాసనం (1344), ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో రెండంతస్తుల విగ్రహాలయాన్ని బాగుచేయించాడని చెబుతుంది. 15వ శతాబ్దంలో, టిబెట్ వెళ్ళిన చివరి భారతీయ పండితుల్లో ఒకడైన వనరత్నుడు అంతకుముందు ఈ మహాచైత్యం దగ్గర కొన్నాళ్ళు ఉన్నాడని టిబెటన్ చరిత్రలు రాశాయి. స్తూపం చుట్టూ ప్రాకారం కట్టించింది ఆచార్య నాగార్జునుడని కూడా వాళ్ళు అంటారు. అది సంప్రదాయం మాట.

వెళ్తే ఏం చూడాలి, ఎలా చూడాలి?

గుంటూరు నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, బస్సులున్నాయి. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం వద్దు, అక్కడ నీడ లేదు. ముందు పురావస్తు శాఖ మ్యూజియం చూడండి. పలకల మీద చెక్కిన చిన్న స్తూపం బొమ్మలుంటాయి, అసలు కట్టడం ఎలా ఉండేదో వాటి వల్లే తెలుస్తుంది. అది కళ్ళలో పెట్టుకుని స్తూపం దగ్గరకెళ్తే, ఆ ఇటుకల గుండ్రని తిన్నె మీద మిగతాది మీరే నిలబెట్టుకోగలుగుతారు. తిరగేసి వెళ్తే పది నిమిషాల్లో "ఇంతేనా?" అని వచ్చేస్తారు, మా బావగారిలాగా. 125 అడుగుల ధ్యాన బుద్ధుడు కొత్తవాడు, ఆయన్ని చివర్లో చూడొచ్చు. ప్రదక్షిణ కుడివైపుగా, గుళ్ళో చేసినట్టే. సన్యాసులు సాష్టాంగ నమస్కారాలు చేస్తుంటే ఎదురుగా నిలబడి సెల్ఫీలు తీయకండి.

మా పాప అడిగింది: ప్రభవ మళ్ళీ ఎప్పుడొస్తుంది?

2047 ఉగాదికి. కొన్ని వారాల తేడాతో ముండ్‌గోడ్ డ్రెపుంగ్‌లో కూడా పద్దెనిమిదో రబ్‌జుంగ్ మొదలవుతుంది.